పాత యెజ్డీ ట్యాంకు లోపలి తుప్పు: రంగు చెడకుండా వదిలించడం ఎలా?

హనుమకొండ_250 అడిగిన ప్రశ్న:

మా బాపు నడిపిన యెజ్డీ రోడ్‌కింగ్ బైకు ఎనిమిదేళ్లుగా మా ఇంటి వెనుక రేకుల షెడ్డులోనే ఉంది. వానాకాలం ముగిశాక దానిని బాగు చేయించే పని మొదలుపెట్టాను. ఇంజను మూడో కిక్కుకే అందుకుంది గానీ, హనుమకొండ నుంచి కాజీపేట చేరకముందే ఆగిపోయింది. కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున ఎర్రమట్టి లాంటి పొడి పేరుకొని, జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం) పూర్తిగా మూసుకుపోయి ఉంది. శుభ్రం చేసి బిగించాను. రెండు రోజులకే మళ్లీ అదే పరిస్థితి. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూస్తే, పైభాగమంతా తుప్పు పొలుసులుగా లేచి ఉంది. ఊపితే లోపల గలగలమంటోంది.

ఒక సీసా బాత్రూం యాసిడ్ పోస్తే అరగంటలో పని అయిపోతుందని తెలిసిన మెకానిక్ ఒకరు చెప్పారు. ట్యాంకు మీద ఉన్నది కంపెనీ వేసిన రంగే; బాపు మోకాళ్లు ఆనిన చోట మాత్రం అది పలచబడి నునుపుగా మెరుస్తుంది. ఆ రంగుకు హాని జరగకుండా లోపలి తుప్పు వదిలించే పద్ధతి తెలిసినవారు చెప్పగలరు.

కాజీపేట_గ్యారేజీ సమాధానం:

దయచేసి ఆ యాసిడ్ పోయకండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పును ఎంత వేగంగా తింటుందో, దాని కింద ఉన్న మంచి రేకును కూడా అలాగే తింటుంది. నలభై ఏళ్ల నాటి ట్యాంకులో కొన్నిచోట్ల రేకు ఇప్పటికే పలచబడి ఉంటుంది కాబట్టి, తుప్పుతో పాటు సూది రంధ్రాలు కూడా బయటపడతాయి. మూతి దగ్గర ఒక్క చుక్క జారినా రంగు పోతుంది. దాని ఆవిరికి పక్కన పెట్టిన పానాలు కూడా తుప్పు పట్టడం నేను స్వయంగా చూశాను.

కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) చాలు. అయితే మీది టూ స్ట్రోక్ బండి అన్నది మరవకూడదు. ఏళ్ల తరబడి పెట్రోలుతో కలిపి పోసిన ఆయిల్ తుప్పు మీద జిడ్డుగా అంటుకొని ఉంటుంది, ఆ జిడ్డు ఉన్నంతవరకు ఏ ఆమ్లమూ తుప్పును తాకలేదు. అందుకే ముందుగా పెట్రోలు మొత్తం తీసి, కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) విప్పి, ఆ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూసి, వేడినీటిలో బట్టల పొడి కలిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి వేసి ఊపితే పొలుసులు రాలుతాయి; తీసేటప్పుడు మళ్లీ లెక్క చూసుకోండి. బయట రంగు మీద వాసలీన్ రాసి, పైన పాలిథీన్ చుట్టండి.

లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకును మూతి దాకా నింపాలి. సగమే నింపితే ఎక్కువ తుప్పు ఉన్న పైభాగమే మిగిలిపోతుంది. వాయువు పుడుతుంది కాబట్టి మూత బిగించకుండా, నిప్పుకు దూరంగా, ఆరుబయట ఒక రోజు ఉంచి చూడండి. తుప్పు మిగిలి ఉంటే ద్రావణం మార్చి మరో పూట ఉంచవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. ద్రావణం పారబోసి కడిగిన రేకు బూడిద రంగులో శుభ్రంగా కనిపిస్తుంది, కానీ తడిగా వదిలేస్తే మీరు టీ తాగి వచ్చేలోపే దాని మీద నారింజ రంగు పొర కమ్ముకుంటుంది. కాబట్టి వంట సోడా నీళ్లతో కడిగిన వెంటనే, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడి గాలి పట్టి, మూలల్లో కూడా తడి లేదని నిర్ధారించుకొని, పావు లీటరు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి ట్యాంకును అన్ని వైపులకూ తిప్పండి. ఆయిల్, డ్రయ్యరు, సోడా నీళ్లు ముందే పక్కన పెట్టుకొని కూర్చోవాలి. పెట్రోలు ఆవిరి పూర్తిగా పోకముందు డ్రయ్యరు వాడటం ప్రమాదమని వేరే చెప్పనక్కర్లేదు.

కరీంనగర్_బుల్లెట్ సమాధానం:

పై పద్ధతి మంచిదే. నా పాత బుల్లెట్ ట్యాంకుకు నేను కరెంటు పద్ధతి వాడాను. బట్టల సోడా కలిపిన నీటితో ట్యాంకును నింపి, మూతిలోంచి ఇనుప చువ్వను రేకుకు తగలకుండా రబ్బరుతో నిలబెట్టి, 12 వోల్టుల చార్జరు పాజిటివ్ తీగను చువ్వకు, నెగటివ్‌ను ట్యాంకుకు కలిపాను. తీగలు తారుమారైతే కరిగేది ట్యాంకే. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ అసలు వాడకూడదు, దానిలోని క్రోమియం విషంగా మారి నీటిలో కలుస్తుంది. ఈ పద్ధతిలో హైడ్రోజన్ పుడుతుంది కనుక గదిలో చేయకండి. మంచి రేకు తరగకపోవడం దీని గొప్ప లాభం. అయితే చువ్వకు ఎదురుగా ఉన్న భాగమే బాగా శుభ్రమవుతుంది. ఫ్రేము మీద జీనులా కూర్చునే ట్యాంకులో రెండు వైపుల గుంటలకు అది చేరదు కాబట్టి, మీ యెజ్డీకి నిమ్మ ఉప్పే నయం.

లోపల పూత వేయించమని ఎవరైనా అంటే తొందరపడకండి. 2023 నుంచి వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు కొన్ని పాత రకం పూతలు మెత్తబడి పొరలుగా ఊడతాయి. ఆ పొరలు జెట్‌లో చిక్కితే తుప్పు కంటే ఎక్కువ బాధ. రంధ్రాలు లేనంతవరకు పూత అవసరం లేదని నా అభిప్రాయం.

హనుమకొండ_250:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిమ్మ ఉప్పు రెండు విడతలు పట్టింది. మొదటి రోజు నీళ్లు పసుపుపచ్చగా, రెండో రోజు లేత ఆకుపచ్చగా వచ్చాయి. ఎక్కడా కారడం లేదు, రంగు చెక్కుచెదరలేదు.

నీళ్లు లోపలికి ఎలా చేరాయో కూడా తెలిసింది. మూత కింది వాషరు ఎండి పగిలి ఉంది, షెడ్డు రేకుకు సరిగ్గా దాని పైనే చిల్లు ఉంది. వాషరు మార్చి, కాక్ తర్వాత ఒక ఫిల్టరు పెట్టాను. నిన్న మడికొండ దాటి వెళ్లి వచ్చాక గిన్నె విప్పి తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డకు నూనె మరక తప్ప ఎరుపు అంటలేదు.