సైన్స్ మేళాలో మంట పెట్టాలా, ఎర్రనీళ్లు చాలా?

బ్యూరెట్: మేళాలో కెమిస్ట్రీ బల్లకి దక్కేది పది నిమిషాలు. నా ఓటు పర్మాంగనేట్ (నీళ్లలో వేస్తే ఊదారంగు తేలే పలుకులు), గ్లిజరిన్ మంటకే. 2 గ్రాముల పర్మాంగనేట్ పొడి కుప్ప, మధ్యలో గుంట, అందులో పది చుక్కల గ్లిజరిన్. అగ్గిపుల్ల లేకుండా ఊదారంగు మంట. దొంగబాబాల గుట్టూ రట్టవుతుంది. పసుపు నీళ్లు సున్నంతో ఎర్రబడటం ఎవరు చూస్తారండీ? హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు ఎరగనిదెవరు?

పిప్పెట్: ఎరిగినవి కాబట్టే పనికొస్తాయి. ఎర్రబడటం తెలుసు, నిమ్మరసం పడితే మళ్లీ పసుపవడం చాలామందికి కొత్త. అక్కడ "ఎందుకు?" అని వాళ్లే అడుగుతారు. మంట చూస్తే "ఇంకోసారి" అంటారు, అంతే. పైగా పలుకులు ముతకగా ఉన్నా, చలిగా ఉన్నా, గ్లిజరిన్‌లో నీళ్లున్నా వెంటనే అంటుకోదు. ఆరిపోయిందనుకుని వంగి కెలుకుతారు. లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది, మొహం మీదికే లేస్తుంది.

బ్యూరెట్: అందుకేగా 2 మీటర్ల దూరంలో తాడు కట్టేది! మీ పసుపు మాత్రం మొరాయించదా? వంటసోడా వేస్తే రంగు అటూ ఇటూ కాకుండా ఆగుతుంది.

కల్వం: ఆగక ఏం చేస్తుంది? పసుపులోని కర్కుమిన్ రంగు మారేది పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) సుమారు 7.4, 8.6 మధ్య. వంటసోడా నీళ్లు 8.3 దగ్గరే ఉంటాయి. తాంబూలం సున్నం తేట వాడండి. కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, అందుకని అర చెంచా పసుపుని 20 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో పది నిమిషాలు నానబెట్టి వడకట్టాలి (దగ్గర్లో మంట పెట్టకూడదు, బ్యూరెట్ గారూ). లీటరు నీళ్లలో ఒక చెంచా ఈ రసం, 50 మి.లీ. తేట. అరచెక్క నిమ్మకాయతో మళ్లీ పసుపు రంగుకి వెనక్కొస్తుంది.

ఎక్కువగా చెడగొట్టేది బోరు నీళ్లు. వాటిలో కరిగి ఉండే బైకార్బొనేట్ లవణాలు సున్నాన్ని తినేస్తాయి, నీళ్లు తెల్లగా మసకబారి ఎరుపు రాదు. ఆర్వో నీళ్లే పోయండి. ముందురోజు కలిపి ఉంచకండి, క్షారంలో కర్కుమిన్ విరిగిపోయి రంగు వెలుస్తుంది.

బ్యూరెట్: సరే, వెనక వరుసకి కనిపించేదెలా?

కల్వం: గాజు సీసా, వెనక తెల్ల చార్టు. పోసేవాళ్లకి కళ్లద్దాలు తప్పనిసరి, సున్నం తేట కళ్లకి మంచిది కాదు.

బ్యూరెట్: వెలుతురు లేని పందిట్లో అదీ కనిపించదు. అక్కడ నా మంటే!

పిప్పెట్: పందిట్లోనా? పైన ఉండేవి తాటాకులండీ.