ఈ పోస్టుకార్డు ఏ దశాబ్దానిది?

అమెరికాలోని మోంటానాలో, గ్లేషియర్ నేషనల్ పార్కు మీదుగా సాగే గోయింగ్-టు-ద-సన్ రోడ్డు బొమ్మ ఉన్న పాత పోస్టుకార్డు నా దగ్గర ఉంది. లోగన్ కనుమ వద్ద 6,646 అడుగుల ఎత్తుకు చేరే ఆ అపురూపమైన దారిని 1933 జూలై 15న లాంఛనంగా ప్రారంభించారు. అయితే బొమ్మలో పైకప్పు మడిచిన ఎర్ర బస్సు 1936లో అక్కడికి వచ్చిన వైట్ కంపెనీ 706 నమూనాలా కనిపిస్తోంది కాబట్టి, కార్డు ఆ తర్వాతిదే అయి ఉండాలి.

కార్డు ముఖభాగం వేలితో తడిమితే నారబట్టలా గరుకుగా తగులుతుంది. వెనుక తపాలా ముద్ర లేదు. ముద్రాపకుల చిరునామాలో 1963లో మొదలైన జిప్ కోడ్ (అమెరికా పిన్‌కోడ్) కూడా లేదు. అంచున ఉన్న వరుస సంఖ్యలో మొదటి అక్షరాలు చెరిగిపోయాయి. భూతద్దంతో చూసినా, స్కాన్ చేసి వెలుగునీడలు పెంచినా అవి తేలలేదు. ఇంటర్నెట్‌లో బొమ్మతో వెతికితే ఇటీవలి ఫొటోలే వచ్చాయి.

వరుస సంఖ్య లేకుండా, కాగితాన్నీ రంగులనూ బట్టి ఈ కార్డు ఏ దశాబ్దంలో అచ్చయిందో ఎలా నిర్ధారించాలి?