ఆరుగురి ఆఫీసుకి అకౌంటెంట్ కావాలి, ప్రకటనలో ఏం రాయాలి?

బెజవాడ_లెడ్జర్:
మాది బెజవాడలో చిన్న జీఎస్టీ కన్సల్టెన్సీ, నాతో కలిపి ఆరుగురం. "డైనమిక్ అకౌంటెంట్ కావలెను. టాలీ, ఎక్సెల్, ఇంగ్లీషు, టూవీలర్ తప్పనిసరి. జీతం అర్హతను బట్టి" అని వాట్సాప్ గ్రూపుల్లో వేశా. రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది, ఇంటర్వ్యూకి వచ్చింది ముగ్గురు. చేరిన అమ్మాయి పదో రోజు మానేసింది. ఇందులో తప్పేంటి? అసలు ఎక్కడ వేయాలి?

బీకాం_బాధితుడు:
"అర్హతను బట్టి" అని కనపడితే నేను ముందుకి చదవను. ఇలాంటిదే ఒకటి నమ్మి ఒంగోలు నుంచి బస్సెక్కి వస్తే గంటన్నర కూర్చోబెట్టి 12 వేలన్నారు. ఆ అంకె ముందే వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

హెచ్చార్_పెద్దన్న:
18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, అంకె వేయకూడదు. వేస్తే ప్రతివాడూ పై అంకె దగ్గరే బేరం మొదలుపెడతాడు, ఉన్న స్టాఫ్ కూడా చూసి మొహం మాడ్చుకుంటారు. కేఆర్ఏలతో (ఏ పనులకి జవాబుదారీయో చెప్పే జాబితా) రెండు పేజీల జేడీ, అంటే ఉద్యోగ వివరణ, తయారు చేయండి.

కోదాడ_కిరాణా:
ఆరుగురి ఆఫీసుకి కేఆర్ఏలా సార్! ఉన్న స్టాఫ్ మొహం మాడ్చుకుంటారంటే వాళ్లకి తక్కువిస్తున్నారనేగా.

హెచ్చార్_పెద్దన్న:
నలుగురికి జీతాలిచ్చి చూడు, అప్పుడు మాట్లాడు.

కోదాడ_కిరాణా:
ఐదుగురికి ఇస్తున్నా. అంకె వేసే తీసుకున్నా, ఒక్కరూ బేరమాడలేదు.

బీకాం_బాధితుడు:
పీఎఫ్ సంగతి కూడా ఎవరూ రాయరు, అదో మోసం.

పద్దుల_పద్మ:
మోసం ఎందుకవుతుందండీ. పీఎఫ్ 20 మంది ఉంటే తప్పనిసరి, ఈఎస్ఐ 10 మందికి. యజమాని, ఎక్కువమంది స్టాఫ్ ఒప్పుకుంటే చిన్న ఆఫీసు కూడా పీఎఫ్‌లో చేరొచ్చు. లేకపోతే "పీఎఫ్ లేదు" అని రాయాలి, అంతే.
అసలు "టాలీ రావాలి" అంటే ఏంటి? ఓచర్లు కొట్టడమా, బ్యాంకు స్టేట్‌మెంటుతో పద్దులు సరిచూసే రీకన్సిలియేషనా, 14న 2బీ (మనకి అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపించిన బిల్లుల పట్టిక) వచ్చాక కొనుగోళ్లు సరిచూడ్డమా? 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువులు, ఆ రోజుల్లో రాత్రి ఎన్నింటిదాకా ఉండాలో కూడా రాయండి. నేనొకచోట టాలీ అంటే చేరా, నాలుగో రోజు నుంచి షాపులు తిరిగి బిల్లుల సంచులు మోసుకురమ్మన్నారు. ఎండాకాలం, స్కూటీ, వెనక రెండు సంచులు.

టాలీ_తాతయ్య:
ఇంతకీ మీ టాలీ పాత ఈఆర్పీ 9 ఆ, కొత్త ప్రైమా? మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు.

బెజవాడ_లెడ్జర్:
పద్మగారూ, మా అమ్మాయి మానేసింది కూడా ఆ సంచుల వల్లే. టూవీలర్ అన్నది అందుకే, కానీ ఎందుకో రాయలేదు. ఇప్పుడిలా మార్చా: "25 మంది వ్యాపారుల లెక్కలు టాలీ ప్రైమ్‌లో ఎక్కించి 2బీతో సరిచూడాలి. వారానికి ఒకరోజు గవర్నర్‌పేట, వన్‌టౌన్ షాపుల్లో బిల్లులు తేవాలి, పెట్రోలు మాది. చేతికి 18 నుంచి 20 వేలు. పీఎఫ్ లేదు. నెలలో 11, 20 తేదీల ముందు రెండేసి రోజులు రాత్రి 8 దాకా. ఆదివారం సెలవు."

హెచ్చార్_పెద్దన్న:
అంకె వేశారుగా, అనుభవిస్తారు.

పద్దుల_పద్మ:
20వ తేదీ సోమవారమైతే ముందు రోజు ఆదివారం సెలవేనా?

బెజవాడ_లెడ్జర్:
అంటే... ఆ ఒక్క ఆదివారం...

పద్దుల_పద్మ:
అదీ రాయండి.