హెచ్‌ఐవీకి టీఎల్‌డీ మాత్ర వాడేవారికి టీబీ మందులు మొదలైతే వేళలు ఎలా పెట్టాలి?

ప్రశ్న – ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కౌన్సెలర్

రాత్రి 8కి టీఎల్‌డీ వేసుకునే పేషెంటు. అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన మాత్ర. ఇప్పుడు టీబీకి రిఫాంపిసిన్ ఉన్న మందులు మొదలయ్యాయి, ఉదయం 6కి పరగడుపున. డాక్టరు గారు విడిగా డోలుటెగ్రావిర్ 50 ఇంకొకటి రాశారు. వీటికి తోడు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, ఒక క్యాల్షియం మాత్ర, ఛాతీ మంటకి అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్. రిఫాంపిసిన్‌కీ టీఎల్‌డీకీ మధ్య ఎన్ని గంటల ఎడం ఉండాలి? మిగతావాటిని ఎక్కడ సర్దాలి? వేళల కాగితం రాసివ్వాలి.

జవాబు 1 – క్లినికల్ ఫార్మసిస్టు

రిఫాంపిసిన్ విషయంలో ఎంత ఎడం పెట్టినా లాభం లేదండీ. అది లివర్‌లో డోలుటెగ్రావిర్‌ని విరగ్గొట్టే ఎంజైములను పెంచుతుంది. పెరిగిన ఎంజైములు రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటాయి, ఉదయం వేసుకున్నారా సాయంత్రం వేసుకున్నారా అని చూడవు. రక్తంలో మందు సగానికి పైగా పడిపోతుంది. దానికి విరుగుడు డోసే: 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో. ఉదయం 8కి విడి మాత్ర, రాత్రి 8కి టీఎల్‌డీ.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, విడి మాత్ర దొరకలేదని టీఎల్‌డీనే రెండు పూటలా వేసుకోవడం. అప్పుడు టెనోఫోవిర్ 600 అవుతుంది, కిడ్నీలకు చేటు. విడి మాత్రనీ టీఎల్‌డీనీ రాత్రి ఒకేసారి వేసుకోవడమూ సరికాదు. కాగితం మీద ఈ రెండూ తప్పక రాయండి.

గ్యాస్ సిరప్ సంగతి దీనికి పూర్తిగా వేరు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం పొట్టలోనే డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుంటాయి, మందు రక్తంలోకి చేరదు. రెండూ ఒకేసారి పడితే మందు దాదాపు నాలుగో వంతే మిగులుతుంది. ఇక్కడ మాత్రం ఎడమే పరిష్కారం. డోలుటెగ్రావిర్ వేసుకున్నాక 2 గంటలు ఆగి సిరప్ తాగాలి. ముందు సిరప్ తాగితే 6 గంటలు ఆగాలి. మీ పేషెంటుకి రోజుకు రెండు డోసులు కాబట్టి లెక్క బిగుసుకుంటుంది: పగలు 10 నుంచి 2 వరకు, రాత్రి 10 నుంచి 2 వరకు, అంతే. మధ్యాహ్నం 3కి మంట వస్తే సిరప్ తాగకూడదు. కడుపు పుండ్లకి వాడే సుక్రాల్‌ఫేట్‌కీ ఇదే లెక్క.

క్యాల్షియం సులువు. ఉదయం 8కి టిఫిన్‌తో కలిపి డోలుటెగ్రావిర్‌నీ క్యాల్షియంనీ ఒకేసారి వేసుకోవచ్చు. ఐరన్ కూడా అంతే. ఖాళీ కడుపుతో మాత్రం కలపకూడదు, అప్పుడు మళ్లీ 2 గంటలు, 6 గంటల లెక్కే.

జవాబు 2 – ఫిజీషియన్

మంట రోజూ ఉంటే ఆ నాలుగేసి గంటల కిటికీల కోసం పేషెంటును ఇబ్బంది పెట్టకండి. కడుపులో ఆసిడ్ తగ్గించే ఒమెప్రజోల్, ఫామోటిడిన్ మాత్రలు రక్తంలో డోలుటెగ్రావిర్‌ని తగ్గించవు. సిరప్ మార్చమని రాసిన డాక్టరుని అడగండి. అయితే ఈ మాట డోలుటెగ్రావిర్‌కే. అటాజనావిర్, రిల్పివిరిన్ అనే వేరే హెచ్‌ఐవీ మందులు వాడేవారికి ఒమెప్రజోల్ ఇబ్బందే.

నాకు ఎక్కువ భయం కలిగించేది మెట్‌ఫార్మిన్. డోలుటెగ్రావిర్ దాన్ని కిడ్నీ బయటికి పంపే దారిని అడ్డుతుంది, రక్తంలో మెట్‌ఫార్మిన్ పెరుగుతుంది. రోజుకు రెండు డోసుల డోలుటెగ్రావిర్ మీద ఇంకా ఎక్కువ. రోజు మొత్తానికి 1000 మి.గ్రా. దాటకూడదన్నది సాధారణ హద్దు, మీ పేషెంటు 2000 మీద ఉన్నారు. కాగితం రాసేలోపే డాక్టరుకి ఫోన్ చేయండి. డోసు తగ్గించాక షుగర్ తరచూ చూడాలి, కిడ్నీ పరీక్ష కూడా.

కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ మొదటి నాలుగు వారాల్లో 0.1–0.2 మి.గ్రా./డె.లీ. పెరిగి అక్కడే నిలిస్తే అది డోలుటెగ్రావిర్ వల్ల అంకె మారడమే, కిడ్నీ దెబ్బతినడం కాదు. ఆ తర్వాతా పెరుగుతూ పోతే టెనోఫోవిర్‌ని అనుమానించాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా మింగుతున్నారేమో అడగండి.

కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం, ఆగని వాంతులు, జ్వరంతో ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆ రోజే రావాలని చెప్పండి. టీబీ మందులూ లివర్ మీద భారం వేసేవే.

కౌన్సెలర్

మెట్‌ఫార్మిన్ గురించి డాక్టరు గారితో మాట్లాడాను, డోసు మారుస్తున్నారు. ఇంకో రెండు సందేహాలు. డోసు మరిచిపోతే? టీబీ కోర్సు అయిపోగానే ఆ విడి డోలుటెగ్రావిర్ మాత్ర ఆపేయవచ్చా?

జవాబు 3 – క్లినికల్ ఫార్మసిస్టు

గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి డోసుకి 4 గంటలకంటే తక్కువ ఉంటే మాత్రం వదిలేయాలి, రెండు డోసులు కలపకూడదు.

ఆపే విషయంలో తొందరపడొద్దు. రిఫాంపిసిన్ ఆగినా పెరిగిన ఎంజైములు వెంటనే తగ్గవు. కాబట్టి ఉదయం మాత్ర ఇంకో 2 వారాలు నడవాలి. అది ఆగే రోజుకి మెట్‌ఫార్మిన్ డోసును మళ్లీ చూడాలని డాక్టరుకి గుర్తుచేయండి. హెపటైటిస్ బి పరీక్ష జరిగిందో లేదో ఫైల్లో చూడండి. అది ఉన్నవారు టీఎల్‌డీ సొంతంగా ఆపితే లివర్ జబ్బు ఒక్కసారిగా ముదరవచ్చు. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నీ అణచి ఉంచుతాయి.

రిఫాంపిసిన్ చివరి డోసు తేదీ తెలియగానే దానికి 14 రోజులు కలిపి, ఆ తేదీని కాగితం పైభాగాన రాసివ్వండి. అంతకు ముందు విడి మాత్రలు అయిపోకుండా సరిపడా ఇప్పించండి.