ముక్కు ఆపరేషన్ అయి నెల కావస్తోంది, కొన వాపు ఎందుకు తగ్గడం లేదు?

అమలాపురం అమ్మాయి:
విశాఖలో ముక్కు ఆపరేషన్ చేయించుకున్నాను. కళ్ల కింద కమిలిన నలుపు పోయింది, దూలం సన్నబడింది. కొన మాత్రం ఉబ్బి, గట్టిగా, తిమ్మిరెక్కినట్టు ఉంది. పొద్దున మరీ ఎక్కువ, సాయంత్రానికి కాస్త నయం. మాఘంలో అన్నయ్య పెళ్లి. అమ్మ పసుపు పట్టు వేస్తానంటోంది, పెద్దమ్మ వావిలాకు ఆవిరి పట్టమంటోంది. ఏం చేయను?

భీమవరం నుంచి:
కంగారు పడకండి. ముక్కు మొత్తంలో వాపు చివరగా దిగేది కొనలోనే. ఏడాది పడుతుంది, నాలాంటి మందపాటి చర్మమైతే ఏడాదిన్నర కూడా. పడుకుంటే నీరు ముఖానికి చేరుతుంది కాబట్టి పొద్దున ఎక్కువగా కనిపిస్తుంది. ఎత్తు దిండ్లు వేసుకుని వెల్లకిలా పడుకోండి. ఇక ఉప్పు. డాక్టరు తగ్గించమంటే అందరం తలూపుతాం, ఇంటికొచ్చి ఆవకాయ జాడీ తెరుస్తాం. రాత్రి ఎండు మెత్తళ్ల ఇగురు తిన్నానంటే మర్నాడు నా ముక్కే చెప్పేసేది! కళ్లజోడు బరువు దూలం మీద పడనివ్వకండి. గంటకోసారి అద్దం చూడటం మానండి. నెలకోసారి అదే కిటికీ దగ్గర ఫోటో తీసుకుంటే తేడా తెలుస్తుంది. పెళ్లిలో మీ ముక్కు కొలిచేవారెవరూ ఉండరు, అందరి చూపూ వదినగారి నగల మీదే.

కాకినాడ నర్సు:
ఆవిరి వద్దమ్మా. వేడికి రక్తనాళాలు విప్పారి వాపు ఇంకా పెరుగుతుంది. పసుపు పట్టూ వద్దు, కుట్ల గాట్లు ఇంకా లేతగా ఉంటాయి. తిమ్మిరి కొన్ని నెలల్లో తగ్గుతుంది. టేపు వేయడం, మర్దన చేయడం మీ సర్జన్ చెబితేనే. కొన మరీ మొండికేస్తే ఆయనే చిన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, అదీ అందరికీ కాదు. ఒక పక్కే హఠాత్తుగా ఉబ్బినా, జ్వరం వచ్చినా, రక్తం కారినా, నొప్పి పెరుగుతున్నా మాత్రం ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అమలాపురం అమ్మాయి:
అమ్మకు చదివి వినిపించాను, పసుపు గిన్నె లోపలికి వెళ్లిపోయింది. ఇంకొక్కటి. పెళ్లికి ముక్కుపుడక పెట్టుకోవచ్చా? చిన్నప్పుడు కుట్టించిన రంధ్రమే.

కాకినాడ నర్సు:
పాత రంధ్రమైనా సరే, సర్జన్ చూసి సరేనన్నాకే. కుట్టించనక్కర్లేని నొక్కుడు పుడక అయితే ఇంకా వద్దు, అది వాపు మీదే నొక్కుతుంది.