67 మస్టాంగ్ వెనక లైట్లు: పాతవి బాగుచేయాలా, ఎల్‌ఈడీ పెట్టాలా?

ఫ్రిస్కో67:
అందరికీ నమస్కారం. మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గర 1967 ఫోర్డు మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ (వెనక కప్పు ఏటవాలుగా దిగే కారు) కొన్నాను. హాస్టల్ గోడకి బొమ్మ అంటించుకుని చూసుకున్న బండి. ఇంజను, బ్రేకులు బాగున్నాయి. వెనక లైట్లతోనే తంటా. పక్కకి మూడు చొప్పున ఆరు లైట్లు. ఎడమ పక్క నడిమి లెన్సు పగులిచ్చింది, చుట్టూ క్రోమ్ పొక్కులు లేచింది. ఎడమ బ్రేకు లైట్లు మసగ్గా వెలుగుతాయి, అటు ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైట్లు కూడా దాంతోపాటే కొట్టుకుంటాయి. లోపలి నుంచి బయటికి ఒకదాని వెంట ఒకటి వెలిగే ఎల్‌ఈడీ సెట్టు వేయిస్తే చూడ్డానికి బాగుంటుంది, ఈ తంటా కూడా పోతుందనుకుంటున్నాను. వేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

పాతబండి:
వేయించొద్దు బాబూ. నువ్వు చెప్పిన లక్షణం బల్బుది కాదు, ఎర్త్‌ది. ఈ బండిలో లైటు గిన్నెని, అంటే బల్బు హోల్డరు కూర్చునే డొప్పని, రేకుకి బిగించే మరలే ఎర్త్. ఎవరో ఎప్పుడో రంగు కొట్టి, ఆ రంగు మీదే గిన్నె బిగించి ఉంటారు. లేదా హోల్డరు, గిన్నె కలిసేచోట తుప్పు పట్టి ఉంటుంది. కరెంటుకి వెనక్కి పోయే దారి దొరక్క పక్క ఫిలమెంట్‌లోంచి పోతోంది. అందుకే ఒకటి వేస్తే ఇంకోటి కొట్టుకుంటోంది.

ఒక వైరు ముక్క తీసుకో. ఒక కొస హోల్డరు లోహానికి, రెండో కొస రంగు లేని బోల్టుకి ఆనించు. లైటు ఒక్కసారిగా ఎగిసిందంటే రోగం అక్కడే. పన్నెండున్నర వోల్టులు రావలసినచోట పదిన్నరే వస్తే బల్బు వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. నువ్వు కొనబోయే ఆ సెట్టు కూడా అదే పాడు ఎర్త్ మీద కూర్చోవలసిందే కదా.

ఇంకోటి. లెన్సు మీద అచ్చు చూడు. సి7జెడ్ అని మొదలైతే అది అసలు ఫోర్డు సరుకు. సి అంటే అరవైల దశకం, 7 అంటే 67, జెడ్ అంటే మస్టాంగ్. దాన్ని పారేయకు.

ఓరుగల్లు_డాలస్:
అన్నా, ఎర్త్ ముచ్చట కరెక్టే, నేనూ ఒప్పుకుంట. కానీ ఎర్త్ ఎంత మంచిగ చేసినా అది 1157 నంబర్ పాత ఫిలమెంట్ బల్బే. బ్రేక్ తొక్కినంక ఫిలమెంట్ వేడెక్కి పూర్తి వెలుగు రానీకి సెకన్ల ఐదో వంతు దాక పడ్తది. ఎల్‌ఈడీ తొక్కంగనే వెలుగుతది. 65 మైళ్ళ స్పీడ్ల ఎనకొచ్చే బండి ఆ ఐదో వంతుల 19 అడుగులు ముందుకొస్తది. నీ మస్టాంగ్ పొడుగు కన్న ఎక్కువ.

పెడ్తే ఎర్ర లెన్స్ ఎనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టు, తెల్లది గులాబీ రంగు కొడ్తది. ఇండికేటర్‌ను కొట్టుకునేటట్టు చేసే ఫ్లాషర్ గూడ మార్చాలె. పాతది లోపల రేకు వేడెక్కితేనే కొట్టుకుంటది, ఎల్‌ఈడీ గుంజే కరెంట్‌కు అది వేడెక్కది.

టెక్సాస్_మామ:
ఇది స్పోర్ట్స్ కార్ల విభాగం. మస్టాంగ్ స్పోర్ట్స్ కారు కాదు, "పోనీ కారు", అంటే స్పోర్ట్స్ కారులా కనిపించే చిన్న కారు. ఈ ప్రశ్న వేరే విభాగంలో పెట్టాలి.

పాతబండి:
ఒకదాని వెంట ఒకటి వెలగడం 67 మస్టాంగ్‌కి ఫ్యాక్టరీ నుంచి రాలేదు. నా బాధ అది.

ఓరుగల్లు_డాలస్:
ఫోర్డోళ్ళు చేసిందే కదా అన్నా. 65 థండర్‌బర్డ్‌కు ఉండె. 67 మెర్క్యురీ కూగర్‌కు ఉండె. 68 షెల్బీ మస్టాంగ్‌కు పెట్టినవి ఆ 65 థండర్‌బర్డ్ లైట్లే. ఇంట్లున్న వస్తువే ఇంట్ల పెట్టుకుంటే తప్పేంది?

పాతబండి:
కూగర్‌లో అది ఎలా జరిగేదో తెలుసా? డిక్కీలో చిన్న మోటారు ఉండేది. అది తిరుగుతుంటే వరసగా మూడు స్విచ్చులు నొక్కుకునేవి. ఆ పనితనం వేరు. చిప్పు పెట్టి అదే అని చెప్పడం వేరు.

ఓరుగల్లు_డాలస్:
ఎనక బండి నడిపేటోడికి మోటారా చిప్పా అని కనపడ్తదా?

టెక్సాస్_మామ:
కూగర్ కూడా పోనీ కారే.

ఆటోనగర్_బెజవాడ:
మాది విజయవాడ ఆటోనగర్, ముప్పై ఏళ్ళుగా కరెంటు పనే. అమెరికా బండ్లు నేను ఎక్కువ చూడలేదు గానీ ఎర్త్ ఎక్కడైనా ఎర్తే. పాతబండి గారు చెప్పినట్టు గిన్నె విప్పండి. లోపల తెల్లరంగు వెలిసిపోయి ఉంటే మళ్ళీ కొట్టండి, వెలుగు బాగా పెరుగుతుంది. లెన్సు పగులుకి ఫెవిక్విక్ వాడొద్దు, తెల్లగా పొగ పట్టేస్తుంది. అక్రిలిక్ కరిగించి అతికే పలచటి మందు దొరుకుతుంది. సూదితో ఒక చుక్క వదిలితే పగుల్లోకి అదే పాకుతుంది. ఒక రాత్రి ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత రెండువేల నంబరు వాటర్ పేపరు తడిపి, మెల్లగా రుద్ది, పాలిష్ పట్టండి.

బ్రేకు, ఇండికేటర్ ఒకే ఫిలమెంట్ అయితే బ్రేకు కరెంటు కూడా స్టీరింగ్ కింద ఉండే ఇండికేటర్ స్విచ్ గుండానే వస్తుంది. అక్కడ రాగి పలకలు అరిగినా ఒక పక్కే మసకబారుతుంది. ఎర్త్ తర్వాత అది చూడండి.

పాతబండి:
చూశారా, ఆయన ఒక్కమాట కూడా కొనమని చెప్పలేదు. నా అనుభవం చెబుతాను. నా 65 కూపేని ఇలాగే లైట్ల కోసం ఒక షాపుకిచ్చాను. తిరిగి తెచ్చుకున్న నాలుగో రోజు డిక్కీలో కాలిన వాసన. తెరిచి చూస్తే వైరింగ్ అంతా కోసి, ఎక్కడపడితే అక్కడ క్లిప్పులు నొక్కారు. ఎల్‌ఈడీలతో ఫ్లాషర్ పనిచేయడానికి పెట్టిన రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, దాన్ని ఇనుముకి బిగించకుండా కార్పెట్ మీద వదిలేశారు, కార్పెట్ కాస్తా కాలి నల్లబడింది. యాభై ఏళ్ళు నిలిచిన వైరింగ్‌ని ఒక్క పూటలో కోసిపారేశారు. ఆ తర్వాత బండిలో కూర్చున్న ప్రతిసారీ ఆ వాసనే వచ్చినట్టుండేది. అమ్మేశాను. పదకొండేళ్ళయింది, ఇప్పటికీ దాని ఫోటో చూడలేను.

ఓరుగల్లు_డాలస్:
చెయ్యరాని షాపోడు చేస్తే ఎల్‌ఈడీ తప్పెట్లయితది అన్నా? మీ బాధ మీది, కాదంటలేను. కానీ మీరు చెప్పేటివన్నీ బండికి ఏమైతదనే. బండిల కూసున్నోళ్ళకు ఏమైతదో ఒక్కసారన్న అడిగిన్రా?

పాతబండి:
నేను నలభై ఏళ్ళుగా బండ్లు నడుపుతున్నాను. నాకు జాగ్రత్తలు నేర్పొద్దు.

ఓరుగల్లు_డాలస్:
నేర్పుతలేను. అయింది చెప్తున్న. మా బావమరిది పాత బండి ఎనక లైట్ల మీద పొగరంగు అద్దాలు అతికించిండు, సోకు కోసం. మసక చీకట్ల హైవే మీద ట్రాఫిక్ ఆగితే ఆగిండు. ఎనకోడికి బ్రేక్ లైట్ కనవడలే. మెడ ఎముక రెండు చోట్ల ఇరిగింది. ఏడాదిన్నరాయె, ఇంకా పక్కకు తిరిగి చూడాల్నంటే ఒళ్ళంత తిప్పుతడు. ఈ టెక్సాస్ రాష్ట్రంల 2025 జనవరి 1 నుంచి మామూలు బండ్లకు ఏటేటా చేసే సేఫ్టీ తనిఖీ గూడ తీసేసిన్రు. లైట్లు వెలుగుతున్నయా అని చూసేటోడే లేడు. అందుకే ఇంత మొత్తుకుంటున్న.

పాతబండి:
ఆ సంగతి ముందే చెప్పాల్సింది తమ్ముడూ. బావమరిది త్వరగా కోలుకోవాలి.
ఫ్రిస్కో బాబూ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఈ బండి దేనికి? ఆదివారం షికారుకా, రోజూ తిరగడానికా?

ఫ్రిస్కో67:
నిజం చెప్పాలంటే రోజూ పాపని బడికి దింపుదామని. తొమ్మిదేళ్ళు. బండి వచ్చిన రోజు నుంచి వెనక సీట్లో కూర్చుని దిగనంటోంది. టోల్‌వే మీద పదిహేను నిమిషాల దారి.

పాతబండి:
అయితే లైట్ల మాట పక్కన పెట్టు. ఆ బండికి తల వెనక దిండు లేదు, 1969లో గానీ అది తప్పనిసరి కాలేదు. వెనక సీటుకి భుజం బెల్టు లేదు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఎల్‌ఈడీ ఏం చేస్తుంది? దాన్ని ఉన్నదున్నట్టు ఉంచు, ఆదివారం నువ్వొక్కడివే తీసుకెళ్ళు. బిడ్డని దాంట్లో టోల్‌వే ఎక్కించకు.

ఓరుగల్లు_డాలస్:
ఇగో, ఇప్పుడొచ్చింది అసలు మాట. మీరు బండిని దాచిపెట్టుమంటున్నరు, నేను నడుపుమంటున్న. బిడ్డ ఎక్కని బండి గరాజ్‌ల బొమ్మనే కదా అన్నా. ఎనక సీటుకు మూడు పాయింట్ల బెల్ట్ బిగించే వీలుంటది, మంచి వర్క్‌షాప్‌ల చేయించు. మూడో బ్రేక్ లైట్ పెట్టు, 1986 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి చేసిన్రు. పెట్టుకుని మంచిగ నడుపు.

పాతబండి:
బెల్టు కోసం రేకుకి బెజ్జం పెడతావా? అంతకన్నా అమ్మేయమను.

టెక్సాస్_మామ:
పాత బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు ప్లేట్లలో యాంటిక్ తీసుకున్నావా, క్లాసిక్ తీసుకున్నావా? యాంటిక్ అయితే ప్రదర్శనలకీ పరేడ్లకే గానీ రోజువారీ ప్రయాణాలకి వాడకూడదు.

ఫ్రిస్కో67:
యాంటిక్కే. ఆ సంగతి తెలియదు, మార్చాలి.

నిన్న రాత్రి ఎడమ గిన్నె మూడూ విప్పాను. వెనక ఎర్రరంగు, దాని కింద ఇంకో పొర పచ్చరంగు. గోకితే చిన్న రూపాయి బిళ్ళంత ఇనుము మెరిసింది. హోల్డరు చుట్టూ తుప్పు పొడి రాలింది. బిగించి చూస్తే ముందు 10.4 ఉన్న చోట 12.1 వోల్టులు. పార్కింగ్ లైట్లు కొట్టుకోవడం ఆగిపోయింది. బ్రేకు తొక్కించి వెనక నిలబడ్డాను, గరాజు తలుపు ఎర్రగా అయిపోయింది. లెన్సు మీద సి7జెడ్ ఉంది. ఆటోనగర్ గారు చెప్పినట్టు చుక్క మందు వదిలి ఆరబెట్టాను. ఒకదాని వెంట ఒకటి వెలిగే సెట్టు ఇప్పుడు కొనట్లేదు.

బడి సంగతి మా ఆవిడతో ఇంకా తేలలేదు. ఈ వారం మాత్రం వ్యానులోనే దింపుతున్నాను.

ఓరుగల్లు_డాలస్:
సంతోషం తమ్మీ. మరి మూడో లైట్ ఎప్పుడు పెడ్తున్నవ్?

పాతబండి:
వెనక అద్దానికి లోపల అతికించేది తీసుకో, రేకుకి బెజ్జం పెట్టకు. వైరు వెనక లైట్ల నుంచి లాగొద్దు, ఇండికేటర్‌తోపాటు అదీ కొట్టుకుంటుంది. బ్రేకు పెడల్ కడ్డీ దగ్గరుండే బ్రేకు స్విచ్ నుంచి లాగు.