మండే ఎండల్లో టార్పెడో బోటు మోడల్‌కి రంగు ఎలా కొట్టాలి?

నమస్కారం అండి. మాది కర్నూలు. స్నేహితుడి మిద్దె మీది గదిలో మేం ముగ్గురం కలిసి పీటీ-109 అనే అమెరికా నేవీ టార్పెడో బోటు మోడల్ చేస్తున్నాం. 1943 ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర జపాన్ డిస్ట్రాయర్ అమగిరి గుద్ది రెండు ముక్కలు చేసిన బోటు ఇదే. అప్పుడు దాని కమాండర్ జాన్ ఎఫ్. కెనడీ.

అసలు బోటు పొడవు 80 అడుగులు. మాది 1/35 స్కేలు, అంటే సుమారు 70 సెంటీమీటర్లు. కిట్ కొనలేదు, అంతా చెక్కతోనే. అసలు బోటుకు మహోగని పలకలు రెండు పొరలుగా వేసి, మధ్యలో జిగురు పట్టించిన గుడ్డ పెట్టేవారు. మేమూ పలుచని చెక్కతో అలాగే రెండు పొరలు వేశాం. ముందు డెక్ మీద దుంగలకు కట్టిన 37 మి.మీ. గన్ కూడా తయారైంది. అది లేకపోతే 109 అనిపించుకోదని నా అభిప్రాయం.

చిక్కంతా రంగు దగ్గరే. ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) అక్రిలిక్ ముదురు ఆకుపచ్చ కొడుతుంటే, ఈ వేడికి చెక్కను తాకేలోపే సగం ఆరిపోతోంది. వేలితో తడిమితే ఉప్పుకాగితంలా గరుకుగా తగులుతోంది. ఎయిర్‌బ్రష్ సూది కొసన రంగు గడ్డకట్టి, ఉన్నట్టుండి చుక్కలుగా చిమ్ముతోంది. తెల్లవారుజామున కొడితే కొంచెం నయం. కూలర్ పెడితే చల్లగానే ఉంటుంది కానీ దుమ్మంతా వచ్చి అంటుకుంటోంది.

రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా చేసే ద్రవం) కలపమని ఒకరు, ఎనామెల్‌కి మారమని మరొకరు చెప్పారు. రిటార్డర్ ఎంత పాళ్లలో కలపాలి? ఎక్కువైతే జిగట పోదేమోనని టెన్షన్‌గా ఉంది. గాలి ప్రెషర్ ఎంత పెట్టాలి? అనంతపురం, కడప వైపు మోడల్స్ చేసేవాళ్లుంటే, ఎండాకాలంలో మీరెలా నెట్టుకొస్తున్నారో దయచేసి చెప్పండి.